తలుపు చెక్క దక్కాలంటే పిల్లికో స్తంభం

పిల్లి గోళ్లు గీరుకోవడం మానదు. కసిరినా, కొట్టినా, నీళ్లు చల్లినా మానదు. మీరు చూస్తున్నంతసేపూ ఆగి, మీరు పడుకున్నాక గీరుతుంది. మనం మార్చగలిగింది గీరే చోటు ఒక్కటే. ఇంట్లో చెక్కపనిని కాపాడుకునే పనంతా ఈ సంగతి మీదే నడుస్తుంది. అందుకే వడ్రంగిని పిలిచి తలుపుకి పాలిష్ పెట్టించే ముందు, ఆ తలుపు కంటే పిల్లికి ఎక్కువ నచ్చే చెక్క ఒకటి తయారు చేసి పెట్టాలి. చాలా ఇళ్లలో ఈ వరస తిరగబడుతుంది. ముందు డబ్బు పోసి మరమ్మతు చేయిస్తారు, కొత్త పాలిష్ మీద కొత్త గాట్లు పడ్డాక పిల్లిని గోనెసంచిలో వేసి ఊరవతల వదిలి వస్తారు. ఒక కర్రా, నాలుగు చుట్టల తాడూ పెడితే తీరిపోయే ఇబ్బందికి ఇంట్లో పెరిగిన ప్రాణిని దిక్కులేనిదాన్ని చేయడం ఏ రకంగానూ న్యాయం కాదు.

మొదటి పని గీతల్ని చదవడం. రాత్రిపూట దీపాలార్పి టార్చిలైటు చెక్కకి పక్కవాటుగా వేయండి. పగలు కంటికి ఆనని గాట్లు కూడా తేలతాయి. ద్వారబంధం నిలువు చెక్క మీద రెండు, రెండున్నర అడుగుల ఎత్తున మొదలై కిందికి జారిన గాట్లుంటే, మీది వెనక కాళ్ల మీద నిలబడి ఒళ్లు సాగదీసుకుంటూ గీరే పిల్లి. గడప మీదో, ఉయ్యాల బల్ల మీదో, మెట్ల అంచునో ఉంటే కూర్చుని నేలబారుగా గీరే పిల్లి. రెండు రకాలుగానూ గీరేవి కూడా ఉంటాయి. నిలువుగా గీరేదానికి నేల మీద చాప పరిస్తే అది హాయిగా దాని మీద పడుకుని, లేచి, నేరుగా ద్వారబంధం దగ్గరికే పోతుంది.

ఏ చెక్కని ఎంచుకుందో కూడా చూడండి. బాగా చేవ ఉన్న పాత టేకులో గోరు లోతుగా దిగదు, పైపై గీతలే పడతాయి. చేవ లేని తెల్ల చెక్క, మామిడి చెక్క, ఎండకీ వానకీ పై పొర మెత్తబడిన పాత తలుపుల అడుగుభాగం పిల్లికి ఇష్టం. గోరు దిగాలి, కిందికి లాగితే పీచు కాస్త తెగి రావాలి. ద్వారబంధంలో చెక్క పీచు నిలువుగా ఉంటుంది కాబట్టి లాగడానికి వాటం. నులక మంచం ఉన్న ఇంట్లో పిల్లి మంచం కోళ్లని వదిలేసి నులకనే పట్టుకోవడానికి కారణం కూడా ఇదే. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో గుండ్రటి స్తంభాలుంటాయి. పిల్లి కళ్లకి అవి చెట్లే.

ఇక ఎందుకు గీరుతుందన్నది తెలియకుండా స్తంభం చేస్తే అది ఇంట్లో అలంకారంగా మిగిలిపోతుంది. పిల్లి గోరు పొరలు పొరలుగా పెరుగుతుంది. పై పొర పాతబడితే డొల్లలా ఊడిపోవాలి, దానికి గీరడం కావాలి. గీరిన చోట కింద నేల మీద వెతికితే నెలవంక ఆకారంలో సన్నటి డొల్లలు దొరుకుతాయి. నిద్ర లేవగానే భుజాలూ వీపూ సాగదీసుకోవడానికీ గీరుతుంది. అన్నిటికంటే ముఖ్యమైన కారణం మన ముక్కుకి తెలియదు. దాని వేళ్ల మధ్య వాసన గ్రంథులున్నాయి. గీరినప్పుడు ఆ వాసన చెక్కకి అంటుకుంటుంది, గాటు కంటికి కనిపిస్తుంది. ఇది నేను తిరిగే చోటు అని రాసిపెట్టుకోవడం అన్నమాట. అలా రాసుకునేది నలుగురూ నడిచే దారిలోనే, అంటే వీధి గుమ్మం, హాలు మధ్య స్తంభం, సోఫా మూల, తను పడుకునే చోటు పక్కన. పెరటి గదిలో ఓ మూలకి నెట్టేసిన స్తంభం ఎంత బాగా చేసినా పిల్లి దాని మొహం చూడదు.

ఇప్పుడు తయారీ. కలప అడితికి వెళ్లి సరుగుడు కర్ర అడగండి. నాలుగంగుళాల మందం, మూడడుగుల పొడవు. కోస్తాలో సులువుగా దొరుకుతుంది. దొరక్కపోతే వేప కర్రయినా, వడ్రంగి దగ్గర మిగిలిన నాలుగంగుళాల చదరపు దూలం ముక్కయినా పనికొస్తుంది. చదరపుదైతే అంచులు చిత్రికతో గుండ్రం చేయించాలి, లేకపోతే తాడు అంచుల దగ్గర తొందరగా తెగుతుంది. కర్ర బాగా ఎండినదై ఉండాలి. పచ్చి కర్ర మీద తాడు చుడితే, కర్ర ఎండి సన్నబడ్డాక చుట్లు వదులై జారతాయి. బెరడు పూర్తిగా చెక్కేయండి, దాని కింద పురుగులుంటాయి. ప్లాస్టిక్ గొట్టం చవకే అయినా నేను సలహా ఇవ్వను. నున్నటి గొట్టం మీద తాడు నిలవదు, పైగా తేలిక.

బరువు గురించి గట్టిగా చెప్పాలి. నాలుగు కిలోల పిల్లి నిలువునా సాగి, ముందుకాళ్లతో వేలాడినంత పని చేస్తుంది. స్తంభం ఒక్కసారి ఊగినా, ఒరిగినా, మళ్లీ దాని దగ్గరికి రాదు. తలుపు చట్రం ఎప్పుడూ ఊగలేదు మరి. అందుకని పీఠానికి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక తీసుకుని అడుగున్నర చదరంగా కోయించండి. కర్ర అడుగు రంపంతో సమంగా కోసి, ఫెవికాల్ రాసి, పలక అడుగు వైపు నుంచి మూడంగుళాల స్క్రూలు మూడు బిగించాలి. ముందు బరమాతో సన్నగా రంధ్రాలు చేసుకోకపోతే కర్ర చీలుతుంది. స్క్రూ తలలు పలకలోకి దిగిపోవాలి, లేకపోతే నేల మీద గీతలు పడతాయి. తర్వాత స్తంభానికి రెండు పక్కలా పలక మీద బండ ముక్కలు పరిచి సిలికాన్‌తో అతికించండి. వంటగట్టు వేసినప్పుడు మిగిలిన కడప బండ ముక్కలు ఏ ఇంటి వెనకైనా ఉంటాయి, తెలంగాణలో తాండూరు బండ. అంగుళం మందం బండ పలకంతా పరుచుకుంటే పన్నెండు కిలోలకి పైగా బరువొస్తుంది. అప్పుడు పై కొసని అరచేత్తో గట్టిగా తోసి చూడండి. కదిలితే పని పూర్తి కాలేదనే అర్థం.

తాడుకి కిత్తనార తాడు అన్నిటికంటే మంచిది. గరుకుగా ఉంటుంది, పీచు పొట్టిగా తెగుతుంది, గోరు చిక్కుకోదు. కోనసీమలో ఉన్నవాళ్లకి కొబ్బరి పీచు తాడు చేతికి అందే దూరంలో ఉంటుంది. అదీ పనికొస్తుంది, కాకపోతే పీచు ఎక్కువ రాలుతుంది, రోజూ ఊడ్చుకోవాలి. నైలాన్ తాడు వద్దు. గోరు దాని పోగుల్లో ఇరుక్కుంటే భయపడిపోయిన పిల్లి మళ్లీ ఆ వైపుకి రాదు. కొనేముందు తాడుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. కొన్నిటికి నూనె పట్టిస్తారు. కిరసనాయిలు లాంటి వాసన వస్తే వదిలేయండి.

ఎంత తాడు కావాలో లెక్క కట్టుకుని వెళ్తే మధ్యలో ముడేసి అతుకు పెట్టే అవస్థ ఉండదు. కర్ర మందం 10 సెంటీమీటర్లు, తాడు మందం 8 మిల్లీమీటర్లు అనుకుందాం. ఒక చుట్టుకి 34 సెంటీమీటర్ల తాడు పడుతుంది. 75 సెంటీమీటర్ల ఎత్తు చుట్టడానికి 94 చుట్లు. మొత్తం దాదాపు 32 మీటర్లు. 35 మీటర్లు కొనండి, మిగిలింది తర్వాత అక్కరకొస్తుంది.

చుట్టడం అడుగు నుంచి మొదలుపెట్టాలి. తాడు కొసని రెండు చిన్న మేకులతో కర్రకి కొట్టి, మేకు తలలు కర్రలోకి దింపేయండి, వాటి మీదుగా మొదటి చుట్టు రావాలి. నాలుగంగుళాల మేర ఫెవికాల్ పూస్తూ, దాని మీద తాడు బిగించి చుడుతూ, ప్రతి పది చుట్లకీ సుత్తీ చెక్కముక్కతో కిందికి తట్టి చుట్టుకీ చుట్టుకీ మధ్య సందు లేకుండా చేయండి. ఒక మనిషి తాడు లాగి పట్టుకుని, ఇంకో మనిషి స్తంభాన్ని తిప్పితే బిగువు బాగా వస్తుంది. తాడుని తడిపి చుడితే ఆరాక బిగుస్తుందని కొందరు అంటారు. నార తాడు విషయంలో జరిగేది దానికి విరుద్ధం. తడిస్తే కురచై బిగుస్తుంది, ఆరితే వదులవుతుంది. పొడి తాడే చుట్టండి. పై కొస కూడా మేకులతో కొట్టి, తల మీద కనపడకుండా లోపలికి తోసేయాలి. ఫెవికాల్ ఆరడానికి ఒక పూర్తి రోజు ఇవ్వండి, వానాకాలమైతే రెండు.

నేలబారుగా గీరే పిల్లికి ఇంత హడావిడి అక్కర్లేదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పున్న పలక మీద గోనెసంచి రెండు మడతలు పరిచి, అంచులు అడుగువైపు మడిచి మేకులు కొట్టండి. కొబ్బరి పీచు కాళ్లపట్టానే పలకకి బిగించినా సరే. జారకుండా అడుగున పాత సైకిల్ ట్యూబు ముక్కలు అతికించాలి.

స్తంభం తయారయ్యాక పెట్టాల్సింది గాట్లు ఎక్కువ పడ్డ ద్వారబంధం పక్కనే, జానెడు దూరంలో. దారికి అడ్డమని ఇంట్లో పెద్దవాళ్లు తప్పకుండా గునుస్తారు. "కొన్నాళ్లే కదమ్మా, తర్వాత పక్కకి జరిపేద్దాం" అని నచ్చజెప్పుకోండి, అందులో అబద్ధమేమీ లేదు. పిల్లి దానికి పూర్తిగా అలవాటుపడ్డాక రోజుకి రెండు మూడు అంగుళాల చొప్పున జరుపుకుంటూ పోవచ్చు. ఒక్కసారిగా ఎత్తి అవతల గదిలో పెడితే మాత్రం పిల్లి స్తంభం వెంట రాదు, పాత ద్వారబంధానికే వస్తుంది.

అలవాటు చేయడానికి మన నేలలోనే ఒక సాయం ఉంది. కుప్పింటాకు మొక్క, కొన్ని చోట్ల మురిపిండి అంటారు. గోడ వారనా, పూలతొట్లలోనా తనంత తానే మొలిచే కలుపు. దాన్ని వేరుతో సహా పీకితే చాలు, చాలాసార్లు ఎక్కడున్న పిల్లయినా ఆ వేరు వాసనకి వచ్చి దాని మీద దొర్లుతుంది, నాకుతుంది, గీరుతుంది. ఆ పచ్చి వేరుని మట్టి కడిగి, చితక్కొట్టి, స్తంభం తాడుకి పై నుంచి కింది దాకా రుద్దండి. రుద్దిన వేరు తీసేయండి, తినడానికి వదలొద్దు. వాసన పోయినప్పుడల్లా మళ్లీ రుద్దుకోవచ్చు. అన్ని పిల్లులూ ఒకేలా పడిపోవు కానీ, పిల్లుల కోసం అమ్మే విదేశీ ఎండుటాకు పొడికి డబ్బు పెట్టే ముందు పెరట్లో వెతుక్కోవడం మేలు. పిల్లి కాళ్లు పట్టుకుని తాడు మీద గీయించడం మాత్రం చేయొద్దు. బలవంతం చేసిన చోటుని అది గుర్తుపెట్టుకుంటుంది. నిద్ర లేచే వేళకి స్తంభం దగ్గర ఒక దారపు ముక్క ఆడించండి. గోరు తాడుకి తగిలిన క్షణంలోనే ఉప్పు లేకుండా ఉడికించిన చేప ముక్క పెట్టండి. ఆలస్యమైతే ఏ పనికి పెట్టారో దానికి అర్థం కాదు.

ఇదే సమయంలో పాత చోటుని మూసేయాలి. ముందుగా ద్వారబంధం గాట్లని కొద్దిగా సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లతో తుడిచి, పొడిబట్టతో ఆరబెట్టండి. పాత వాసన ఉన్నంతకాలం అది పిల్లిని పిలుస్తూనే ఉంటుంది. తర్వాత నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తు వరకు పారదర్శకమైన యాక్రిలిక్ రేకు బిగించాలి. మిల్లీమీటరున్నర మందం చాలు. నున్నటి రేకులో గోరు దిగదు, పీచు ఊడదు, రెండు మూడుసార్లు ప్రయత్నించి పిల్లి పక్కనున్న తాడు వైపు తిరుగుతుంది. రెండువైపులా జిగురుండే టేపుని కూడా వాడొచ్చు, అంటుకునే చోటు పాదాలకి నచ్చదు. అయితే లక్క పాలిష్ ఉన్న చెక్క మీద ఆ టేపు వేయకండి, తీసేటప్పుడు పాలిష్‌తో సహా ఊడుతుంది. మండువా స్తంభాలకి సులువుగా వంగే పలచటి ప్లాస్టిక్ రేకు చుట్టి, వెనకవైపు గుడ్డ పట్టీతో కట్టేయండి. తాడు తీసుకెళ్లి ఆ టేకు స్తంభానికే చుట్టేసే వాళ్లున్నారు. వద్దని బతిమాలుతున్నాను. మేకులు దిగి వందేళ్ల చెక్క చెడుతుంది, పిల్లికేమో ఈ స్తంభం నాదే అని రాసిచ్చినట్టవుతుంది.

గుమ్మానికి పసుపు రాసే అలవాటుకి వచ్చిన ఇబ్బందేమీ లేదు. పిల్లిని తోలడానికి రాసే మిగతావాటితోనే భయం. కలరా ఉండలు, కర్పూరం, ఫినాయిలు, లవంగ నూనె, నిమ్మ నూనె ఇవన్నీ పిల్లికి విషమే. ఫినాల్ జాతి పదార్థాల్ని విరగ్గొట్టే శక్తి దాని కాలేయానికి చాలా తక్కువ. అది గీరిన కాళ్లనే నాకుతుంది కాబట్టి, ద్వారబంధానికి రాసినది నేరుగా కడుపులోకే పోతుంది. కారప్పొడి చల్లితే కళ్లు మండి గిలగిల్లాడుతుంది. కమలా తొక్కలు పెట్టినా, ఎండిపోయాక వాటికి వాసనా ఉండదు, పనీ ఉండదు.

పిల్లి ఒక నెలపాటు స్తంభాన్నే పట్టుకుని ఉంటే, అప్పుడు మరమ్మతుకి దిగండి. రేకు విప్పి, చెక్క పీచు వెంటే, అంటే నిలువుగానే, ఉప్పుకాగితంతో రుద్దాలి. లోతు గాట్లకి 80 నంబరు, తర్వాత 120, చివర 220. అడ్డంగా రుద్దితే పిల్లి గీతలు పోయి మీ గీతలు మిగులుతాయి. ఇంకా మిగిలిన గుంటల్లోకి లప్పం కావాలి. అంగట్లో దొరికే తెల్ల లప్పం టేకు మీద మచ్చలా కనబడుతుంది. వడ్రంగి దగ్గర టేకు రంపపు పొట్టు అడిగి తెచ్చుకుని, సన్నగా జల్లించి, ఫెవికాల్‌తో ముద్దలా కలిపి గుంటల్లో నొక్కండి. ఆరితే కుంగుతుంది కాబట్టి చెక్క మట్టం కంటే కొంచెం ఎత్తుగా పెట్టాలి. లోతైన గుంటకి ఒకేసారి నింపకుండా, ఒక పూత ఆరాక రెండోది. మర్నాడు 220తో సమం చేయండి. పై పూత విషయంలో నా మాట వినేట్టయితే, గుమ్మం కడిగినప్పుడు నీళ్లు తగిలే అడుగు భాగానికి లక్క పాలిష్ వేయించకండి, తడికి తెల్లబారుతుంది. అక్కడికి పాలియురేథేన్ పూత నయం. వాసన పూర్తిగా పోయేదాకా పిల్లిని ఆ గదిలోకి రానివ్వకండి.

పాత రంగు తలుపుల దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. మన దేశంలో ఇళ్లకి వాడే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లలో 90 పాళ్లు మించకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. ఆ తలుపుని పొడిగా రుద్దితే లేచే దుమ్ము పిల్లలకీ పిల్లికీ ప్రమాదం. తడిపి రుద్దండి, ముక్కుకి మాస్కు కట్టుకోండి, రాలినదంతా తడిగుడ్డతో తీసి మూటగట్టి పారేయండి. అలాంటి తలుపుని పిల్లి గీరుతూ పెచ్చులు ఊడదీస్తుంటే, చెక్క కోసం కాకపోయినా పిల్లి కోసమైనా ఆ తలుపుని ముందే రేకుతో మూయాలి.

గోళ్ల కొసలు కత్తిరిస్తే గాటు లోతు తగ్గుతుంది. పూర్తిగా ఇంట్లోనే ఉండే పిల్లికే చేయండి. బయట తిరిగేదానికి కుక్క తరిమితే చెట్టెక్కడానికి ఆ గోళ్లే దిక్కు. నిద్రమత్తులో ఉన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని, వేలి మెత్తని మెల్లిగా నొక్కితే గోరు బయటికొస్తుంది. లోపల గులాబీ రంగు గీత కనిపిస్తుంది, అందులో రక్తనాళం, నరం ఉంటాయి. దానికి రెండు మిల్లీమీటర్లు ఇవతలే, తెల్లటి కొస మాత్రమే తుంచాలి. ముందు కాళ్లు చాలు, రెండు మూడు వారాలకోసారి. ఒక పూటకి రెండు వేళ్లే చేయనిచ్చినా గొడవ పడకండి, మిగతావి రేపు.

గోళ్లు శాశ్వతంగా తీయించేయొచ్చటగా అని అడిగేవాళ్లున్నారు. గోరొక్కటే తీయడం కుదరదు. వేలి చివరి ఎముకనే కోసేస్తారు. మనిషి వేళ్లని చివరి కణుపు దగ్గర నరికినట్టే. నడకే నొప్పిగా మారిన పిల్లి కరవడం నేర్చుకుంటుంది. అమెరికాలో ఈ ఆపరేషన్‌ని న్యూయార్క్ రాష్ట్రం 2019లో నిషేధించింది. తలుపు కోసం ఇది చేయించాలన్న ఆలోచనే మనసులోకి రానివ్వకండి.

ఇన్నాళ్లూ కుదురుగా ఉన్న పిల్లి ఉన్నట్టుండి కిటికీ చెక్కనో, వీధి తలుపునో పిచ్చిగా గీరడం మొదలుపెడితే, ఆ కిటికీ బయట చూడండి. కొత్త పిల్లి ఏదో ఆవరణలో తిరుగుతూ ఉండొచ్చు. కిటికీ కింది భాగానికి కొన్నాళ్లు కాగితం అంటించి చూపు ఆపి, అక్కడే ఇంకో స్తంభం పెట్టండి. ఇంట్లో రెండు పిల్లులుంటే ఎలాగూ రెండు స్తంభాలు కావాలి, వేర్వేరు చోట్ల.

వాడకం బాగా ఉంటే కొన్ని నెలల్లో తాడు చిరిగి పీచులు వేలాడతాయి. చూడ్డానికి బాగోలేదని వెంటనే మార్చేయకండి. ఆ చిరుగులూ, వాటికి పట్టిన వాసనే పిల్లిని అక్కడ నిలబెడుతున్నాయి. కర్ర బయటపడేదాకా ఉంచి, అప్పుడు కూడా తెగిన భాగం మటుకే, మిగిలిన మూడు మీటర్ల తాడుతో పూడ్చండి. అది చాలకపోతే పై సగం ఒకసారి, కింది సగం నెల తర్వాత మార్చండి.